పర్లాకిమిడి వైపు ఊళ్ల సైనికుల వివరాలు ఊరివాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లో పెట్టడం ఎలా?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూర్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ, ఆ తర్వాత 1962, 65, 71, శ్రీలంక, కార్గిల్‌లకూ వెళ్లినవాళ్ల వివరాలు ఒకచోట పెట్టాలని ఫేస్‌బుక్ పేజీ తెరిచారు, దాంతోపాటు గూగుల్ ఫారం ఇచ్చారు. దండాల బొమ్మలూ జెండా బొమ్మలూ బోలెడు వచ్చాయి, ఫారం నింపినవాళ్లు మాత్రం లేరు. ఊరిని కదిలించడం ఎలా, ఆ పేజీ ఉంచాలా మూసెయ్యాలా అని అడిగారు.

మీ ఫారం అడుగుతున్నవి ఊరివాళ్ల దగ్గర లేవండి. రెజిమెంటు, సర్వీసు నంబరు, పాల్గొన్న యుద్ధం, చనిపోయిన తేదీ మనవడికి తెలియవు; కాస్తోకూస్తో తెలిసిన నాయనమ్మకు ఫోను వాడటం రాదు. వాళ్ల దగ్గర ఉన్నవి గోడమీద ఫొటో, ట్రంకుపెట్టెలో పతకం, పింఛను కాగితాల కట్ట, ఇంకొకరి తప్పును దిద్దగల జ్ఞాపకం. ఈ చివరిదే మీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. ఖాళీ గడులు చూసి ఎవరూ నోరు మెదపరు. అదే 'అప్పన్న, పాతపట్నం, 1943' అని ఒక కాగితం మీద రాసి టీకొట్టు గోడకు అంటిస్తే, 'పాతపట్నం ఏంటి, మా వెనక వీధే కదా' అంటూ మధ్యాహ్నానికల్లా ఇద్దరు ముగ్గురు వస్తారు. కాబట్టి ముందు మీరు నలుగురు కూర్చుని, సగం ఖాళీలతోనైనా సరే ఒక చిత్తు జాబితా తయారుచెయ్యండి. వెబ్‌సైటు ఆఖరి పని.

రెండు ప్రపంచ యుద్ధాల మృతులకు మొదటి ఆధారం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో చనిపోయినవాళ్లను అందులో నమోదు చేస్తారు. యుద్ధం ఆగిపోయాక, 1946లో ఆసుపత్రిలో జబ్బుతో పోయినవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారని చాలా కుటుంబాలకు తెలియదు. తిరిగొచ్చినవాళ్లు మాత్రం అందులో ఉండరు. మనిషి పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. భారత సైన్యాన్ని ఎంచుకుని, 'అదనపు సమాచారం' అనే గడిలో ఊరి పేరో తాలూకా పేరో వేయండి. మనవాళ్ల ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉన్నది ఆ గడిలోనే. వచ్చిన ఫలితాలన్నీ ఒకేసారి స్ప్రెడ్‌షీటుగా దించుకోవచ్చు.

అసలు చిక్కు ఊరి పేర్ల దగ్గర. ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయింది 1936 ఏప్రిల్ 1న. అంతకుముందు బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లా. మొదటి యుద్ధం నాటి ఎంట్రీలో 'గంజాం, మద్రాస్' అని కనిపిస్తే ఇవాళ్టి గంజాం అనుకోవద్దు. చికాకోల్ అని రాసిన శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా అప్పట్లో ఆ జిల్లాలోవే. రాయగడ, గుణుపూర్, కోరాపుట్, జయపురం ఉన్నది విశాఖపట్నం జిల్లా కింద. వాటికి 'వైజాగపటం' అనే పాత స్పెల్లింగుతో వెతకాలి. పర్లాకిమిడి జమీందారీ 1936లో రెండు ముక్కలైంది గనుక, పాతపట్నం వైపు ఊళ్ల మనిషికి కూడా పాత కాగితంలో పర్లాకిమిడి అనే ఉండొచ్చు. శ్రీకాకుళం జిల్లా 1950లో, గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి. ఆ పేర్లను పాత రికార్డులో జిల్లాగా వేసి వెతికితే ఏమీ దొరకదు. దొరక్కపోవడం నయం, తప్పు మనిషి దొరకడమే ప్రమాదం: బరంపురానికి రాసే ఇంగ్లీషు స్పెల్లింగే బెంగాల్ ముర్షిదాబాదులోని బహరంపూర్‌కూ రాశారు. జయపురానికి వాడిన పాత స్పెల్లింగు రాజస్థాన్ జైపూర్‌కూ ఉంది. ఛత్రపురం బుందేల్‌ఖండ్ ఛతర్‌పూర్‌తో కలిసిపోతుంది. అందుకని ఊరి పేరు ఒక్కటే చూసి ఎవరినీ మీ జాబితాలో ఎక్కించకండి. జిల్లా, తండ్రి పేరు, యూనిట్, ఈ మూడింటిలో ఒకటైనా సరిపోవాలి. మద్రాస్ సాపర్లు (సైన్యంలో ఇంజనీరింగు దళం), పయనీర్లు (రోడ్లు, కట్టుబడి పనుల దళం), మద్రాస్ రెజిమెంటు అయితే మనవైపు మనిషి కావడానికి అవకాశం ఎక్కువ. రాజపుతానా రైఫిల్స్‌లో 'జైపూర్' మనిషి మన జయపురం వాడయ్యే అవకాశం తక్కువ.

వ్యక్తుల పేర్లది ఇంకో తలనొప్పి. భర్తీ గుమాస్తా ఇంటిపేరు రాసుకున్నది అరుదు. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలం లాంటి పేర్లు ఒక్కోదానికి నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి. అందుకే పేరు మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలతోనే వెతికి, మిగతాది కంటితో ఏరుకోవడం మేలు. ఒడిశా వైపు కాగితాల్లో ఇంటిపేరు చివరికి జరుగుతుంది, లేదా ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది. బడి రిజిస్టరులో ఉత్త అప్పన్న అప్పారావు అయి ఉంటాడు. ఒడియా లిపిలో ఎ, ఏలకూ, ఒ, ఓలకూ ఒకటే అక్షరం. కాబట్టి ఒడియా వోటరు జాబితా చూసి తెలుగు పేరు రాయకండి, ఇంట్లో పిలిచే పేరు అడిగి రాయండి. మీ షీటులో పేరుకు నాలుగు గడులు కావాలి: ఇంట్లో పిలిచేది, తెలుగులో పూర్తి పేరు ఇంటిపేరుతో, ఒడియాలో, సైన్యం కాగితంలో ఉన్న ఇంగ్లీషు స్పెల్లింగు ఉన్నదున్నట్టుగా. ఆ చివరిదాన్ని ఎవరూ 'సరిదిద్దకూడదు'. రేపు రికార్డు ఆఫీసులో వెతికేది ఆ తప్పు స్పెల్లింగుతోనే.

కమిషన్ ఎంట్రీల్లో ర్యాంకు దగ్గర వంటవాడు, చాకలి, స్వీపరు, నీళ్లు మోసేవాడు, కూలి అని కూడా కనిపిస్తాయి. వాళ్లూ సైన్యం లెక్కలోని మనుషులే. రెండో యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పయనీర్ కోర్, సర్వీస్ కోర్, ఆసుపత్రి పనులకు వెళ్లినవాళ్లు చాలామంది. ఇళ్లల్లో వీళ్ల సంగతి 'తుపాకీ పట్టలేదు కదా' అని తోసేస్తారు. మీరు జాబితాను ర్యాంకుల వారీగా పేర్చితే ఆ కుటుంబాలు దగ్గరకు కూడా రావు. అక్షరక్రమంలో పేర్చండి. చిత్తు జాబితా చదివి వినిపించడానికి దళితవాడను రామమందిరానికి రమ్మనడం కాకుండా, వాళ్ల వీధికి మీరే వెళ్లండి. సవర గ్రామాల్లోనైతే చర్చి పెద్దను ముందు కలవండి. బాప్తిస్మం, పెళ్లి, మరణం తేదీలు చర్చి రిజిస్టరులో దొరికినంత కచ్చితంగా మరెక్కడా దొరకవు.

ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. ఎవరి పేరైనా 'బస్రా మెమోరియల్' అని చూపిస్తే, ఇరాక్‌లో రాతిమీద ఆ పేరు చెక్కి ఉందని కుటుంబానికి మాట ఇవ్వకండి. అక్కడ భారతీయ ఆఫీసర్ల పేర్లే చెక్కారు. సిపాయిలను రెజిమెంటు కింద అంకెగా వేసి వదిలేశారు. 2021లో కమిషన్ వేయించిన విచారణే, భారతీయులు, ఆఫ్రికన్లు సహా 45 వేల నుంచి 54 వేలమందికి ఇలా సమానం కాని గుర్తింపు దక్కిందని ఒప్పుకుంది. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షపెల్ మెమోరియల్ మీద మాత్రం పేర్లున్నాయి. రెండో యుద్ధపు పేర్లు ఎక్కువగా రంగూన్ మెమోరియల్, సింగపూర్ మెమోరియల్, ఢిల్లీ, కరాచీ మెమోరియల్స్ కింద వస్తాయి. ఇవి సమాధులు కావు, పేర్ల పట్టికలు. 'మా తాతను కరాచీలో ఎందుకు పూడ్చారు' అన్న ప్రశ్నకు ఇదే జవాబు.

స్వాతంత్ర్యం తర్వాతి మృతులకు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్ వెబ్‌సైటులో పేరు, యూనిట్ పెట్టి వెతకొచ్చు. 2023లో 'మేరీ మాటీ మేరా దేశ్' అనే కేంద్ర కార్యక్రమం కింద పంచాయతీల్లో ఊరి వీరుల పేర్లతో శిలాఫలకాలు వేశారు. మీ చుట్టుపక్కల పంచాయతీల్లో ఉన్నవన్నీ ఫొటో తీయించండి. వాటిమీది పేర్లు ఆధారంగా పనికొస్తాయి గానీ స్పెల్లింగులను నమ్మకండి.

బతికున్న మాజీ సైనికులను, వితంతువులను వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం చాలామంది బ్యాంకుకో, మాజీ సైనికుల సంక్షేమం చూసే సైనిక బోర్డు ఆఫీసుకో వస్తారు. మిగతా నెలల్లో సైనిక క్యాంటీన్ సరుకు ఇచ్చే రోజు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) క్లినిక్ రోజు ఉండనే ఉన్నాయి. చిత్తు జాబితాతో అక్కడ ఒక బల్ల వేసుకుని కూర్చోవడానికి జిల్లా సైనిక బోర్డు అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్ల రిజిస్టరు మీకు ఇవ్వమని మాత్రం అడగవద్దు. వాళ్లు ఇవ్వలేరు, అడిగితే ఆ తర్వాత బల్ల కూడా వేయనివ్వరు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతరలో స్టాల్ పెడతామని కొందరు అంటుంటారు. ఆ రద్దీలో పేరు, వీధి రాసుకునే చీటీల వరకు సరే, అక్కడ ఫొటోలు, కాగితాలు మాత్రం చేతిలోకి తీసుకోకండి. పోతే ఎవరు పూచీ?

ఇక చిత్తు జాబితా అంటించే పద్ధతి. ఏ3 కాగితం మీద పెద్ద అక్షరాలతో, ఒక్కో షీటుకు 40 పేర్లు మించకుండా, కుడివైపు మూడోవంతు ఖాళీ వదిలి అచ్చు వేయండి. ప్రతి పేరుకూ వరస సంఖ్య ఉండాలి. పైన ఎర్ర అక్షరాల్లో రెండు వాక్యాలు తప్పనిసరి: 'ఇది చిత్తుప్రతి. ఇది ప్రభుత్వ జాబితా కాదు, దీనివల్ల పింఛనుగానీ స్థలంగానీ రాదు.' ఈ రెండో వాక్యం లేకపోతే వారం తిరక్కుండా పుకారు పుడుతుంది, యుద్ధం మొహం చూడని పేర్లు పాతిక వచ్చి పడతాయి. ఆ తర్వాత వాటిని తీసెయ్యడం, చేర్చడంకన్నా పదిరెట్లు కష్టం. జాబితా పక్కన దారంతో కట్టిన పెన్ను, దుకాణదారు దగ్గర ఒక నోటుబుక్కు ఉంచండి. గోడమీద రాసేది వరస సంఖ్య, దిద్దుబాటు మాత్రమే. చెప్పినవారి పేరు, ఫోను నంబరు నోటుబుక్కులో ఉండాలి, గోడమీద కనిపించకూడదు. పదిహేను రోజులకోసారి కొత్త ప్రతి అంటించండి. తాము చెప్పిన దిద్దుబాటు అచ్చులో కనిపించినప్పుడే జనం రెండోసారి నోరు విప్పుతారు. పాత ప్రతులు పారెయ్యకండి. పొలం తగాదాల వల్ల ఎవరిదో పేరు కొట్టేయడం కూడా జరుగుతుంది. ఆ కాగితమే సాక్ష్యం.

ఊళ్లో 'రంగంలో పోయాడు' అంటే, రంగం అంటే రంగూన్ కదా అని, బర్మా యుద్ధంలో చనిపోయాడని వెంటనే రాసెయ్యకండి. ఈ ప్రాంతం నుంచి రంగూన్‌కు కూలికి వెళ్లినవాళ్లు వేలల్లో ఉండేవారు. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు కాలినడకన తిరిగొస్తూ దారిలో రాలిపోయినవాళ్లు సైనికులు కారు. వాళ్లకూ ఒక పేజీ పెట్టండి, పెట్టాలి కూడా, కానీ విడిగా. ఏ సంవత్సరమో తెలియనప్పుడు పెద్దవాళ్లను 'ఏ యుద్ధం' అని అడిగితే జవాబు రాదు. 'మీ పెళ్లికి ముందు వెళ్లారా, తర్వాతా? పెద్దబ్బాయి పుట్టాడా అప్పటికి? విశాఖ మీద బాంబులు పడ్డ ఏడాదికి ఇంట్లో ఉన్నారా?' అని అడగండి. విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఇలాంటివి నాలుగు కలిస్తే సంవత్సరం దానంతట అదే తేలుతుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు ముగ్గురు చాలు: ఒకరు మాట్లాడాలి, ఒకరు ఫొటో తీయాలి, ఒకరు రాయాలి. మాట్లాడే మనిషి ఆడమనిషైతే పని సగం తేలిక, ఎందుకంటే పెట్టె తాళం ఇంటి ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది. పట్టుకెళ్లాల్సినవి తెల్ల చార్టు, గజం నల్లగుడ్డ, మెత్తటి బ్రష్షు, స్కేలు, పెన్సిలు, వీలైతే చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానరు. స్కానరులో ఫొటోకు 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజుదైతే 1200, కాగితాలకు 300 చాలు. ఫోనుతో తీస్తే ఫ్లాష్ ఆపి, ఎండ నేరుగా పడని వసారాలో, ఫోను ఫొటోకు సమాంతరంగా పట్టి తీయండి. చట్రంలో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగారా, మొహం అద్దానికే ఉండిపోతుంది. ఫైలిన్, తిత్లీ తుపాన్లలో తడిసిన ఇళ్లలో ఇలాంటివే ఎక్కువ. చట్రం విప్పకుండా, ఫొటో తీసేవాళ్ల వెనక ఇద్దరు నల్లగుడ్డ పట్టుకుంటే అద్దంలో మెరుపు పోతుంది. అద్దం మీది కుంకుమ బొట్టును అడగకుండా తుడవకండి. వాట్సాప్‌లో పంపించుకోవాల్సి వస్తే 'డాక్యుమెంట్'గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గి భుజం మీది బ్యాడ్జీ చదవడానికి పనికిరాదు.

పతకాల విషయంలో మొదటి జాగ్రత్త, కుటుంబం వాళ్లు మీరొస్తున్నారని చింతపండుతోనో బ్రాసోతోనో తోమెయ్యకుండా ముందురోజే చెప్పాలి. మనిషి పేరు ఉండేది పతకం అంచుమీదే, తోముడుకు ముందు అరిగేదీ ఆ అక్షరాలే. మొదటి యుద్ధపు గుండ్రటి పతకాల అంచున నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటిష్ వాళ్లకిచ్చిన వాటిమీద పేర్లుండవు గానీ మనవాళ్లకిచ్చిన వాటిమీద వేశారు; నక్షత్రం ఆకారంలో ఉన్నవాటికి వెనకవైపు చూడాలి. స్వతంత్ర భారత పతకాలకూ అంచుమీద పేరుంటుంది. పేరు లేదంటే బజారులో కొన్న నకలేమో అనుమానించండి, అలాగని ఆ ఇంట్లో పైకి అనకండి. అంచు ఫొటోకు లైటు పక్కనుంచి వాలుగా పడాలి, పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయాలి.

పతకాన్ని చూసి వీరగాథ అల్లకూడదు. ఏ పతకం దేనికిచ్చారో తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ ఉంటే ఆ రంగంలో ఉన్నట్టే. వార్ మెడల్ ఒక్కటే ఉంటే, ఎక్కడైనా 28 రోజులు సర్వీసు చేసినా అది వస్తుంది. ఇండియా సర్వీస్ మెడల్ మూడేళ్లు దేశంలోనే పనిచేసినందుకు ఇచ్చింది. 1965కు సమర్ సేవా స్టార్ యుద్ధరంగానిది, రక్షా మెడల్ అప్పట్లో సర్వీసులో ఉన్నవాళ్లందరిదీ. 1971కి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ ఆయా రంగాలవి, సంగ్రామ్ మెడల్ విస్తృతంగా ఇచ్చినది. మొదటి యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కాకుండా కంచుదైతే, ఆ మనిషి చాలావరకు లేబర్ కోర్‌లో వెళ్లినవాడు.

సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు దొరికితే ప్రతి పేజీ తీయండి, ఖాళీ పేజీలతో సహా. అందులో యూనిట్ తెలిస్తే కుటుంబం తరఫున రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయించవచ్చు: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, మెడికల్ కోర్‌కు లక్నో, వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్. రాయాల్సింది వారసులు. సంఘం లెటర్‌హెడ్ మీద మీరు రాస్తే జవాబు ఆశించకండి. నంబరు, పూర్తి పేరు, తండ్రి పేరు, భర్తీ అయిన సంవత్సరం, వారసత్వ రుజువు నకలు జతచేయాలి.

షీటులో ప్రతి వివరం పక్కనా అది ఎక్కడిదో ఒక అక్షరం వేయండి. కాగితం చూసి రాసినదానికి 'కా', రాయి లేదా పతకం మీదిదైతే 'రా', ఇంటివాళ్ల మాటైతే 'మా'. వెబ్‌సైటులోనూ ఆ అక్షరం కనిపించాలి. 'మా' అని ఉన్నంత మాత్రాన అది అబద్ధమని కాదు, ఇంకా కాగితం దొరకలేదని అంతే. ఇది ముందే చెప్పి ఉంచితే, తర్వాత ఒకే మనిషి మరణానికి రెండు తేదీలు వచ్చినప్పుడు అన్నదమ్ములు మీమీదికి రారు.

'అమరుడు' అన్న మాట దగ్గర కచ్చితంగా పేచీ వస్తుంది. సైన్యం లెక్కలో ఉన్నవి బ్యాటిల్ క్యాజువాల్టీ (పోరులో), ఫిజికల్ క్యాజువాల్టీ (ఇతర కారణాలతో) అనే రెండే, అమరుడు అన్న అధికారిక వర్గం లేదు. ఒకే పేజీలో సేవ చేసినవాళ్లందరినీ పెట్టి, సర్వీసులో చనిపోయినవాళ్లకు గుర్తు వేసి, ఎలా పోయారో ఒక్క వాక్యంలో రాయండి. విశేషణాలు వద్దు. మేజర్ పద్మపాణి ఆచార్య లాంటివారి విషయంలో ఎవరి మనిషి అన్న పోటీ కూడా వస్తుంది. ఆయన కుటుంబం ఒడిశాది, పెరిగింది హైదరాబాదులో, 1999 జూన్ 28న కార్గిల్‌లో పోయారు, మహావీర్ చక్ర వచ్చింది. 'పుట్టిన ఊరు', 'కుటుంబం ఊరు', 'నివాసం' అని మూడు గడులుంటే ఆ పోటీకి చోటుండదు.

పోలీసులు, సీఆర్‌పీఎఫ్ వాళ్ల పేర్లు చేర్చమని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి తప్పకుండా అడుగుతారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో మావోయిస్టుల దాడిలో గ్రేహౌండ్స్ పోలీసులు 30 మందికి పైగా చనిపోయిన సంగతి అక్కడ ఎవరూ మరచిపోలేదు. అది యుద్ధకాల సైనిక సేవ కాదు గనుక మీ జాబితాలో కలపకండి. విడిగా పెట్టాలనుకున్నా, కుటుంబం ఒప్పుకోకుండా ఊరి పేరు రాయడం వాళ్లకు అపాయం. అలాగే గజపతి జిల్లా చంద్రగిరి టిబెటన్ సెటిల్‌మెంటు పెద్దలు తమంతట తాము ముందుకొస్తే తప్ప, టిబెటన్లతో ఏర్పాటైన స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ పేర్లు మీరు కదపకండి. ఆ దళం సంగతే దశాబ్దాలు గుట్టుగా ఉంచారు.

బతికున్నవాళ్ల సర్వీసు నంబరు, పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు, ఫోను, ఇంటి చిరునామా ఆన్‌లైన్‌లో పెట్టవద్దు. వితంతువు కుటుంబ పింఛను తీసుకుంటుంటే భర్త పీపీఓ నంబరు కూడా మూసెయ్యాలి. 'స్పర్శ్ (సైనిక పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి' అనే మోసగాళ్లకు కావాల్సినవి సరిగ్గా ఇవే. ఇప్పుడు సర్వీసులో ఉన్న పిల్లల యూనిట్, పోస్టింగు అసలు రాయకండి, యూనిఫారం ఫొటో వేయకండి. అనుమతి పత్రం తెలుగులో, ఒడియాలో ఒకే పేజీ ఉంటే చాలు: పేరు వేయొచ్చా, ఫొటో వేయొచ్చా, కాగితాల బొమ్మలు వేయొచ్చా, ఎవరు చెబితే తీసెయ్యాలి. సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక నకలు వాళ్లకే ఇచ్చి రండి. వికీమీడియా కామన్స్‌లో ఫొటోలు పెట్టే ఆలోచన ఉంటే అది వేరే అనుమతి. అక్కడ పెట్టిన బొమ్మను రేపు ఎవరైనా క్యాలెండరు మీద వేసి అమ్ముకున్నా అడగలేం. ఈ మాట విన్నాక సగంమంది వద్దంటారు, అననివ్వండి.

సైటు ఎలా ఉన్నా ఫరవాలేదు, మామూలు పేజీలు చాలు. ఇలాంటి సైట్లు ఆగిపోయేది ఎక్కువగా డొమైన్ గడువు తీరి, దాని పాస్‌వర్డ్ ఊరొదిలి ఉద్యోగానికి వెళ్లిన కుర్రాడి మెయిలులో ఉండిపోవడం వల్ల. సంఘం పేరుమీద, సంఘం మెయిలుతో డొమైన్ కొని, ఐదేళ్లకైనా ఒకేసారి కట్టండి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి. ఏటా ఒకసారి మొత్తం జాబితాను అచ్చు తీసి, కుట్టించి, ఊరి గ్రంథాలయంలో ఒకటి, బడిలో ఒకటి పెట్టండి. శిలాఫలకం పక్కన క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే, ఉచితంగా ఇచ్చే 'డైనమిక్' కోడ్‌లు (ఇంకో కంపెనీ సైటు మీదుగా తీసుకెళ్లేవి) వాడకండి. ఆ కంపెనీ గడువు ముగించిన రోజున రాతిమీది కోడ్ ఎక్కడికీ తీసుకెళ్లదు. మీ డొమైన్‌కు నేరుగా వెళ్లే కోడ్‌ను కనీసం 8 సెంటీమీటర్ల పలకగా, నలుపు తెలుపు సిరామిక్ టైలు మీద కాల్పించి పెట్టండి. వినైల్ స్టిక్కరు ఎండకు వెలిసిపోతుంది, మెరిసే స్టీలు మధ్యాహ్నం ఫోనుకు కనిపించదు.

కమిషన్ రికార్డులో తప్పు దొరికితే వాళ్లకు రాసి దిద్దించవచ్చు, కానీ కాగితం జత చేయాలి, ఇంటివాళ్ల మాట సరిపోదు. వాళ్ల జాబితాలో ఉన్న మనిషి ఫొటో, కథ ఉంటే వాళ్ల 'ఫర్ ఎవర్‌మోర్' విభాగంలోనూ చేర్చవచ్చు. తెలుగు వికీపీడియాలో ఒక్కొక్కరికీ వ్యాసం పెట్టే పని పెట్టుకోకండి, బయటి ఆధారాలు లేవని తీసేస్తారు.

ఫేస్‌బుక్ పేజీ మూసెయ్యకండి, వాడే పద్ధతి మార్చండి. 'మీ జ్ఞాపకాలు పంచుకోండి' అనే పోస్టులు ఆపి, వారానికి ఒకే ఒక్క చిన్న ప్రశ్న వేయండి: 'ఈ ఫొటోలో కుడిచివర నిలబడ్డాయన ఎవరు?', 'చిత్తు జాబితాలో 27వ వరస, తండ్రి పేరు తెలిసినవారున్నారా?' జవాబు ఒక్క మాటలో వచ్చేలా ఉండాలి. కామెంటులో వచ్చినదాన్ని ఆ రోజే షీటులోకి ఎత్తి, 'మా' అని గుర్తు వేసి, చెప్పినవారికి వరస సంఖ్యతో సహా తిరిగి రాయండి. డిసెంబరు 7 సాయుధ దళాల జెండా దినానికి ముందు రెండు వారాలు, జనవరి 14 వెటరన్స్ డేకి ముందు వారం ఇలాంటి ప్రశ్నలు రోజుకొకటి వేసినా జవాబులు వస్తాయి. ఆగస్టు 15న మాత్రం ఏమీ అడగవద్దు, ఆ రోజు దండాలే వస్తాయి.